విష్‌లిస్ట్ పంపితే పెద్దమ్మ అలిగింది, మరి ఫ్రిజ్ సంగతి?

ప్రశ్న: నా వయసు 27. మాది తెనాలి, ఉద్యోగం బెంగళూరులో. వచ్చే శ్రావణంలో పెళ్లి. అబ్బాయిది ఏలూరు, అతనూ బెంగళూరులోనే పనిచేస్తున్నాడు. మా అక్క పెళ్లికి వచ్చిన గోడ గడియారాలు, డిన్నర్ సెట్లు, ఫొటో ఫ్రేములు ఇప్పటికీ అటక మీద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నిజానికి అక్క రోజూ వాడేది మా పెద్దమ్మ ఇచ్చిన వెండి కుందులొక్కటే. నా విషయంలో అలా కాకూడదని, కొత్త ఇంటికి కావలసిన సామానంతా ఒక షీట్‌లో రాసి, కొనుక్కునే లింకులిచ్చి, పక్కన ‘ఎవరు ఇస్తున్నారు’ అని ఒక గడి పెట్టి ఫ్రెండ్స్‌కీ, రెండు వైపుల ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులకీ పంపాను. ఫ్రెండ్స్‌కి చాలా నచ్చింది. పెద్దమ్మ మాత్రం ‘మేమేం పెట్టాలో నువ్వు చెప్పేదాకా వచ్చిందా’ అని గ్రూపులోంచి వెళ్లిపోయింది. బాబాయి రైస్ కుక్కర్ పక్కన తన పేరు రాస్తే కజిన్ ఒకడు ‘ఇంతేనా బాబాయ్ బడ్జెట్’ అని జోక్ చేశాడు. అప్పట్నుంచి ఆయన నా ఫోన్ ఎత్తడం లేదు. మా కాబోయే ఆడపడుచు మాత్రం ఐడియా బాగుందని మెచ్చుకుని, తనే డబుల్ డోర్ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కూడా పైన చేర్చింది. మర్నాటికి ఆ రెండింటి పక్కనా నాన్న పేరు ఉంది. అమ్మ ‘పరువు తీశావు’ అంటోంది. అక్కరలేనివి కొని డబ్బు వృథా చేయకండి అని చెప్పడం అంత తప్పా? గ్రూపులో సారీ చెప్పాలా?

జవాబు: ఉత్తరమంతా పెద్దమ్మ గురించి, బాబాయి గురించి రాశారు. ఫ్రిజ్ గురించి రాసింది రెండు వాక్యాలు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ రెండు వాక్యాలే. అయినా మీరు అడిగింది పెద్దవాళ్ల గురించి కాబట్టి ముందు అది చూద్దాం.

మీ ఆలోచనలో తప్పు లేదు. అయిదో గోడ గడియారం ఎవరికీ అక్కరలేదు. కానీ మీ అమ్మగారి తరానికి పెళ్లి కానుక అంటే వస్తువు ఒక్కటే కాదు. పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని, చదివింపులు రాయడానికి నమ్మకమైన మనిషి ఒకాయన కూర్చుంటాడు. ఫలానా వారు 516, ఫలానా వారు 1116, ఫలానా వారు స్టీలు బిందె అని రాసుకుంటాడు. పెళ్లయిపోయాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. ఆరేళ్లకో పదేళ్లకో వాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు మీ అమ్మగారు దాన్ని బయటికి తీసి, వాళ్లు మనకెంత చదివించారో చూసి, దానికి కాస్త కలిపి చదివిస్తారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం అంతా ఒక మర్యాద మీద నడుస్తుంది. ఎంత పెట్టాలో, ఏం పెట్టాలో పెట్టేవాళ్లే తేల్చుకుంటారు. అందుకునేవాళ్లు నోరెత్తరు. మీరు ధరల లింకులతో సహా షీట్ పంపేసరికి, తరతరాలుగా ఎవరూ పైకి అనని లెక్క అందరి ముందూ పరిచినట్టయింది. పెద్దమ్మకి కోపం తెప్పించింది అదే.

ఇలాంటి జాబితాలు అమెరికాలో పాతవే. 1924లో షికాగోలో మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద దుకాణం పెళ్లికూతుళ్ల కోసం మొదలుపెట్టింది. ఏ పింగాణీ సెట్టు, ఏ డిజైన్ వెండి చెంచాలు ఇష్టమో అమ్మాయి కొట్టులో చెప్పి వచ్చేది. కావలసినవాళ్లు అక్కడికి వెళ్లి కనుక్కునేవాళ్లు. శుభలేఖలో ఆ జాబితా ఊసెత్తడం మర్యాద కాదనే వాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. జాబితా ఉండటం వేరు, దాన్ని అందరి ఫోన్లలోకీ తోయడం వేరు.

ఆ మాటకొస్తే మన ఇళ్లల్లోనూ ఇది ఎప్పట్నుంచో ఉంది, అమ్మ నోట్లో ఉంటుంది. పెళ్లికి పది రోజుల ముందు పిన్ని ఫోన్ చేసి ‘పిల్లకి ఏం తీసుకోమంటావే, ఉన్నదే మళ్లీ కొంటే దండగ’ అంటుంది. అమ్మ ‘నీ ఇష్టం, ఏదైనా ఫర్వాలేదు’ అని రెండుసార్లు అని, మూడోసారికి ‘గ్రైండర్ ఇంకా ఎవరూ అనలేదు’ అంటుంది. మీ షీట్ చేసే పని సరిగ్గా ఇదే. కాకపోతే అమ్మ చేయాల్సిన పనిని అమ్మకి చెప్పకుండా లాగేసుకుంది. ‘పరువు తీశావు’ అన్న మాటలో కొంత ఆ బాధ కూడా ఉందేమో కనుక్కోండి. ఆ జాబితాని కాగితం మీద రాసి ఆవిడ చేతికివ్వండి. చుట్టాల్లో అడిగినవాళ్లకి ఆవిడే చెప్తారు, అడగనివాళ్లకి చెప్పరు. ఎవరితో ఏ మాట ఎంతవరకు అనొచ్చో మీకంటే ఆవిడకే బాగా తెలుసు.

ఇక ఫ్రిజ్.

మీ ఆడపడుచు దురుద్దేశంతో చేర్చిందని నేననడం లేదు. షీట్ అందరూ మార్చేలా తెరిచి ఉంది, ఐడియా నచ్చింది, తోచింది రాసింది, అంతే అయ్యుండొచ్చు. కానీ మీ నాన్నగారి వైపు నుంచి చూడండి. పెళ్లికొడుకు అక్క రాసిన రెండు పెద్ద వస్తువులు, రెండు కుటుంబాలూ చూస్తున్న చోట, పక్కన గడి ఖాళీగా ఉంది. ఎదురుచూస్తున్నది ఎవరి పేరు కోసమో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మర్నాటికల్లా రాసేశారు. ఆ రాత్రి ఆయన ఏం లెక్కలు వేసుకున్నారో మీకు తెలుసా? ఆయనతో ఆ విషయం మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

కాపురానికి సామాను పెట్టడం మన వైపు ఆనవాయితీయే, నాన్న ఇష్టంగానే ఇస్తున్నారు అని మీరు అనొచ్చు. ఇష్టంగా ఇచ్చేదైతే ఆయనే ముందు అనేవారు, ఏ కంపెనీది కొనాలో మిమ్మల్నే అడిగేవారు. అవతలివాళ్లు రాశాక ఒప్పుకున్నదాన్ని ఇష్టం అనడం కష్టం. చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడంతో పాటు అడగడం కూడా నేరమే. అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ఎవరూ అడగకుండా పెళ్లి సమయంలో ఇచ్చే కానుకలకి మాత్రం మినహాయింపు ఉంది. అదీ అమ్మాయి వైపువాళ్లిచ్చేవి ఆనవాయితీకి తగ్గట్టు, వాళ్ల స్తోమతకి మించకుండా ఉంటేనే. మీ ఇంటి విషయం కోర్టు దాకా వెళ్లాలని ఇదంతా చెప్పడం లేదు. అబ్బాయి వైపు నుంచి రాతపూర్వకంగా వచ్చిన వస్తువుల పట్టీని, ఎంత సరదాగా వచ్చినా, మీరూ మీ కాబోయే భర్తా సరదాగా తీసుకోకూడదని.

కాబట్టి ఈ శని ఆదివారాల్లోనే, మిగతా అన్నింటికంటే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, నాన్నగారితో ఒంటరిగా మాట్లాడండి. అమ్మ, అక్క, ఫోన్ స్పీకర్ ఏవీ వద్దు. ‘నాన్నా, ఆ రెండూ మేం జీతాల్లోంచి ఈఎంఐలో కొనుక్కుంటున్నాం, నీ పేరు తీసేస్తున్నాను’ అని నేరుగా చెప్పేయండి. ‘నీకు ఇబ్బందా’ అని మాత్రం అడగొద్దు. ఏ తండ్రీ అవునని చెప్పడు.

రెండోది, అబ్బాయితో మాట్లాడండి. వాళ్ల అక్కకి చెప్పాల్సింది అతనే, మీరు కాదు. ‘ఆ రెండూ మనమే కొనుక్కుంటున్నామని మీ అక్కకి నువ్వు చెప్పు’ అనండి. అతను ‘అరె, నేను గమనించనే లేదు, ఇప్పుడే చెప్తాను’ అంటే సరిపోయింది. ‘చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నావు, మీ నాన్నే కదా రాశారు’ అంటే అక్కడితో వదిలేయకండి, ఇంకొంచెంసేపు కూర్చుని మాట్లాడండి. డబ్బు గురించి, రెండిళ్ల మధ్య నిలబడాల్సి రావడం గురించి అతనికేం అభిప్రాయాలున్నాయో పెళ్లికి ముందే తెలియడం మంచిది. అతనితో చెప్పాక కూడా ఇంకో వస్తువు, ఇంకో మాట వస్తే పెళ్లి పనులు ఆపి పెద్దవాళ్లని కూర్చోబెట్టండి. అవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. అంతదూరం వెళ్తుందని ఈ ఉత్తరాన్ని బట్టి నేను అనుకోవడం లేదు.

ఈ రెండూ అయ్యాక ఆ షీట్‌ని ఒక కాపీ మీ దగ్గర దాచుకుని, షేరింగ్ ఆపేయండి. అప్పుడు గ్రూపుల్లో పాత లింకు నొక్కినా తెరుచుకోదు.

ఫ్రెండ్స్ కోసం కావాలంటే ఇంకోటి చేసుకోండి. చూడటానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా పెట్టండి. ఎవరేం ఇస్తున్నారో అందరికీ కనిపించే గడి తీసేయండి, బాబాయిని నవ్వులపాలు చేసింది అదే. ఎవరైనా ఏదైనా తీసుకుంటే మీకు విడిగా మెసేజ్ చేస్తారు, మీరు ‘అయిపోయింది’ అని మార్చుకుంటారు. ఇడ్లీ పాత్ర, బెడ్‌షీట్లు, బకెట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాంటి చిన్నచిన్నవి ఎక్కువ రాయండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకి అవే ఊరట. పెద్దవి ఉంటే నలుగురైదుగురు కలిసి కొనమనండి. ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు షీట్‌లో పెట్టొద్దు. డెలివరీ మీరు ఆ ఇంట్లో దిగాకే పెట్టుకోమనండి. ఆన్‌లైన్‌లో చాలా వస్తువులకి తిరిగిచ్చే గడువు వారం పది రోజులే. ముందే తెప్పిస్తే పెళ్లి హడావుడిలో పెట్టె విప్పకుండానే ఆ గడువు అయిపోతుంది. వారంటీ కోసం బిల్లు ఫొటో కూడా అడిగి తీసుకోండి. ఫ్రెండ్సే కదా, మొహమాటం దేనికి.

బాబాయి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ జోక్ చేసిన కజిన్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి. మాట అన్నవాడే మాట చెప్పాలి. చుట్టాలందరిలో మీ షీట్‌ని మనసులో ఏమీ పెట్టుకోకుండా తీసుకుని, కుక్కర్ పక్కన పేరు రాసిన మనిషి ఆయన. ఆ సంగతి ఆయనతో అనండి.

పెద్దమ్మకి మాత్రం ఫోన్ పనికిరాదు. అమ్మతో కలిసి వెళ్లి, పద్ధతి ప్రకారం బొట్టు పెట్టి పెళ్లికి పిలవండి. షీట్ గురించి ఆవిడ ఎత్తితే ‘ఫ్రెండ్స్ కోసం చేసింది పెద్దమ్మా, నీకు పంపకుండా ఉండాల్సింది’ అంటే చాలు. ఎందుకు చేశారో, దానివల్ల లాభాలేమిటో చెప్పే పని పెట్టుకోవద్దు. అక్క రోజూ ఆవిడిచ్చిన కుందుల్లోనే దీపం పెడుతోందని మీరు నాకు రాశారు. ఆ మాట ఆవిడకి ఇన్నేళ్లలో ఎవరైనా చెప్పారా? చెప్పి అక్కడితో ఆపండి. ‘నాకూ అలాంటివే’ అన్నారో, మళ్లీ మొదటికొస్తుంది.

పెళ్లి రోజు చదివింపులు రాసే పుస్తకం గురించి ఒక మాట. 1985లో వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం పెళ్లికూతురికి వచ్చిన కానుకల జాబితా పెళ్లికూతురు, పెళ్లికొడుక్కి వచ్చినవాటిది పెళ్లికొడుకు రాసి ఉంచుకోవాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, బంధువులైతే ఏమవుతారు అన్నవి అందులో ఉండాలి, కింద ఇద్దరూ సంతకాలు చేయాలి. చాలామంది ఇది పట్టించుకోరు. మీకు షీట్లు చేయడం ఎటూ ఇష్టమే కాబట్టి ఈ షీట్ మాత్రం వదలకండి. పెళ్లయిన వారంలోపు నింపి, ప్రింట్ తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ దగ్గర పెట్టుకోండి.

చివరగా, గ్రూపులో సారీ వద్దు. మీ సారీ కింద ఇరవై మంది ఇరవై రకాలుగా రాస్తారు, రెండో గ్రూపులోవాళ్లు అసలేం జరిగిందని ఆరా తీస్తారు, ఫ్రిజ్ సంగతి అందరి నోళ్లలోనూ నానుతుంది. ‘షీట్ తీసేశాను, అందరూ తప్పకుండా పెళ్లికి రావాలి’ అని ఒక లైన్ పెట్టి, వెంటనే శుభలేఖ ఫొటో పెట్టేయండి.