చదరంగంలో హెచ్7 మీద శకటు (బిషప్) బలి: ఎప్పుడు పారుతుంది?

ప్రశ్న: నల్లరాజు కాస్లింగ్ కాగానే (ఏనుగుతో కలిసి పక్కకు జరగగానే) శకటుతో హెచ్7 గడిలోని బంటును కొట్టి చెక్ ఇచ్చాను. రాజు శకటును తీసుకున్నాడు. గుర్రం జి5 చెక్, రాజు జి8, మంత్రి హెచ్5. అంతలో నల్లశకటు సి8 నుంచి ఎఫ్5కి వచ్చింది, దాడి చల్లారింది. తప్పెక్కడ?
- ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పు మొదటి ఎత్తులోనే ఉంది. మీ మంత్రి బెదిరించేది హెచ్7లో మేట్ (రాజు తప్పించుకోలేని చెక్) ఒక్కటే. ఎఫ్5 శకటు ఆ గడిని కాచేసింది. ఎఫ్7ను కొడదామంటే అక్కడ ఎఫ్8 ఏనుగు కాపలా. నల్లబంటు ఇ6లో ఉండుంటే సి8 శకటుకు దారే దొరికేది కాదు. ఈ బలి ఫ్రెంచ్ డిఫెన్స్‌లో (నల్లబంటు ఇ6తో మొదలయ్యే ఆట తీరు) ఎక్కువగా పారేది అందుకే. మీ బంటు ఇ5లో ఉండటమూ ముఖ్యం, అది ఉంటే నల్లగుర్రం ఎఫ్6కి వచ్చి హెచ్7ను కాయలేదు. ఇక జి5ను చూసుకోండి: అక్కడ మీ గుర్రాన్ని నల్లమంత్రో, ఇ7 శకటో ఊరికే కొట్టేస్తే కథ కంచికే.

రాజు జి8కి పోతాడనే అందరూ లెక్క కడతారు. అసలు చిక్కు రాజు జి6కి వస్తేనే. అప్పుడు మంత్రిని జి4కి తెచ్చి, నల్లబంటును ఎఫ్5కి తోస్తే మంత్రిని జి3కి జరపండి. గుర్రం ఇ6 బంటును కొడితే వెనక నుంచి మంత్రి చెక్ పడుతుంది. రాజు హెచ్6కి వస్తే సులువు: సి1 శకటు దారి తెరిచి ఉంటే గుర్రం ఇ6ను కొట్టే అదే దెబ్బకు శకటు చెక్, డి8లోని మంత్రి మీద గుర్రం కన్ను.

ఎత్తు వేసే ముందు జి8, జి6, హెచ్6 మూడూ చూడండి. జి6కి జవాబు తోచకపోతే శకటును దాచుకోండి.