నెష్ మాట గురించి ఒక ఉత్తరం

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌లో మీ ఇంటి ఓనరమ్మ నిన్ను చూసి 'నెష్' (అంటే చలికి ఆగలేనిదానివి) అని నవ్విందంటూ మొదలుపెట్టావు చూడు, అది చాలా బాగుంది. అక్టోబరులోనే స్వెటర్ మీద కోటు తొడుక్కుని వంటింట్లో నిలబడ్డ నువ్వు నాకు కళ్ళకు కట్టావు. రెండో పేజీకి వచ్చేసరికి మాత్రం టెన్షన్ మొదలైంది. 'నెష్' సంస్కృతంలోని 'నశ్' ధాతువు నుంచి వచ్చిందని ఒక్క వాక్యంలో తేల్చేశావు! ఇంటిపేరు కలిసిన ప్రతివాడూ చుట్టమేనా?

పాత ఇంగ్లీషులో ఆ మాట 'హ్నెషె'. మెత్తన, లేత అని అర్థం. తర్వాత మొదట్లో ఉన్న 'హ' రాలిపోయింది. ఈ ఒక్క మాటకే అలా జరిగి ఉంటే నేనూ నమ్మను. కానీ 'హ్రింగ్' రింగ్ అయింది, 'హ్నుతు' నట్ అయింది, 'హ్లాఫ్' లోఫ్ అయింది. మన 'క్రింద' కింద అయినట్టు, 'వ్రాత' రాత అయినట్టు. ఒక మాట పుట్టుక చెప్పాలంటే ఇలా దాని తోటి మాటల్ని కూడా సాక్ష్యానికి పిలవాలి.

ఇంకా వెనక్కి వెళ్ళాలనుంటే ఇంగ్లీషుకు చుట్టమైన పాత భాష గోథిక్ ఉంది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేసిన బైబిల్ అనువాదంలో, మత్తయి సువార్త 11వ అధ్యాయంలో రాజగృహాల్లో ఉండేవాళ్ళ మెత్తని బట్టలకు వాడిన మాట దీనికి అక్కే. అంటే ఒకప్పుడు రాజగృహాల్లోని బట్టకు చెల్లిన మాటకు చెల్లెలు, ఇవాళ వణికే నీకు చెల్లింది.

ఈ దిగజారుడే నాకు అసలు కథ. నువ్వేమో 'చలికి తట్టుకోలేని మనిషి' అని అర్థం రాసి వదిలేశావు. లేత కూరను, లేత గడ్డిని మెచ్చుకునే మాట మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎత్తిపొడుపు ఎందుకైంది? మనకు తెలియనిదా? మెత్తని పరుపు మంచిదే, మెత్తని మనిషిని చూస్తే మాత్రం మొత్తబుద్ధవుతుంది. ఆవిడ నవ్వులో ఉన్న 'అబ్బో, ఏం సుకుమారమమ్మా!' నీ అర్థంలోకి రాలేదు.

జోసెఫ్ రైట్ సంగతి నీకు తెలుసా? 1855లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. ఏడేళ్ళకే మిల్లులో పని. దాదాపు పదిహేనేళ్ళ దాకా చదవడం రాదు. అలాంటివాడు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరై, 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు తెచ్చాడు. గోథిక్ వ్యాకరణమూ రాశాడు. కానీ నాకు ఎక్కువ ఇష్టమైనది అంతకుముందు, 1892లో, తను పెరిగిన విండ్‌హిల్ ఊరి యాసకు రాసిన వ్యాకరణం. చిన్నప్పుడు నోట్లో ఆడిన మాటల దగ్గరే మొదలుపెట్టాడన్నమాట. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో రైతుల మాటలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. లైబ్రరీలో దొరికితే తిరగెయ్యి, పొద్దు తెలియదు.

నిఘంటువు చూడొద్దని కాదు. రాత్రి నిఘంటువు చూసుకో, పొద్దున వంటింట్లోకి వెళ్ళి అడుగు. ఓనరమ్మ వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనిచేశాడని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఆయన ఎవరిని నెష్ అనేవాడు? కొడుకునా, కొత్తగా గనిలో దిగినవాడినా? ఆడపిల్లను అంటే ముద్దు, మగపిల్లాడిని అంటే తిట్టా? తోటలో లేత ఆకును కూడా ఆవిడ నెష్ అంటుందా? ఇవి నాకు ఇక్కడ కూర్చుంటే దొరకవు.

నశ్ ధాతువు పేరా కొట్టేసి, ఆవిడ జవాబులు ఆవిడ అన్నట్టే రాసి మళ్ళీ పంపు. కోటు మాత్రం విప్పకు. ఆ చలికి నేనూ నెషే.

ఆశీస్సులతో,
మాష్టారు