రికార్డు ప్లేయరు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఏ ప్లేయరు మంచిదో చెప్పమని రాశావు. దానికి ముందు ఇంకో మాట తేలాలి. పాటలన్నీ ఫోనులో ఉండగా ఇంత డబ్బు పోసి ఆ నల్ల ప్లేట్లు ఎందుకని మీ అమ్మ అడుగుతోందట. అడగవలసిన ప్రశ్నే.

రికార్డు శబ్దం సీడీకంటే స్వచ్ఛమని ఎవరైనా చెబితే నమ్మకు. చిటపటలు వినిపిస్తాయి. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ముల్లు కింద గాడి (పాట చెక్కిన సన్నని చాలు) వేగం బయటి అంచులో ఉన్నదానిలో సగానికంటే తగ్గిపోతుంది. అందుకే ఆ వైపు చివరి పాటలో స, శ అక్షరాలు బరకగా పలుకుతాయి. ఇవన్నీ తెలిసే నేను ఇన్నేళ్ళుగా రికార్డులు వింటున్నాను.

మన పాత పాటల సంగతి చూడు. నెట్‌లో దొరికేవాటిలో చాలా పాటలను అరిగిపోయిన ప్రతుల నుంచి ఎక్కించారు. గరగర పోవాలని శుభ్రం చేసినప్పుడు వయొలిన్ నాదంలోని చివరి తునక, పల్లవి ఎత్తుకునే ముందు గాయకుడు తీసుకున్న ఊపిరి కూడా దానితోపాటే పోయాయి. బాగా దాచిన ఘంటసాల ఈపీ (చిన్న రికార్డు) ఒకటి మంచి ముల్లుతో విను, ఆ గొంతు బరువు ఏమిటో తెలుస్తుంది. ఇంకా వెనక్కి, నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 ఆర్‌పీఎం రికార్డుల కాలానికి వెళితే, ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. అందుకని సినిమా పాటను రికార్డు కోసం కుదించి, చాలాసార్లు మళ్ళీ పాడించేవారు. తెర మీద విన్నది వేరు, రికార్డులో ఉన్నది వేరు. ఆ రెండో గానం చాలా పాటలకు రికార్డులోనే మిగిలింది.

నాకు ఇంతకంటే ముఖ్యమైనది ఒక వైపు నిడివి. 1948లో కొలంబియా సంస్థ అమెరికాలో ఎల్‌పీని, అంటే నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డును, తెచ్చినప్పటి నుంచి ఒక వైపు అంటే ఇరవై నిమిషాలకు పైగా సంగీతం. ఏ పాట తర్వాత ఏది రావాలో ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన వరస అది. ఫోనులో నచ్చని పాటను పది సెకన్లలో దాటేస్తావు. ఇక్కడ దాటాలంటే లేచి వెళ్ళి ముల్లు ఎత్తాలి. ఆ బద్ధకం వల్ల నువ్వు ఎన్నడూ ఎంచుకోని మూడో పాట కూడా చెవిన పడుతుంది. నాలుగైదుసార్లు విన్నాక, ఆ రికార్డు తీసేదే ఆ పాట కోసమవుతుంది. నాకు ఇష్టమైన కర్ణాటక కృతుల్లో సగం ఇలా దొరికినవే. కాబట్టి ముల్లు దించాక ఆ వైపు అయ్యేదాకా లేవకు, ఫోను పక్క గదిలో పెట్టు. ఇది కుదరదనుకుంటే ప్లేయరు కొనవద్దు, డబ్బు దండగ.

ఇక యంత్రం. సూట్‌కేసు ఆకారంలో చవకగా వచ్చేవి వద్దు. వాటిలో చాలావాటి ముల్లు ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది, తగ్గించే వీలుండదు. ముల్లును మోసే చేతికి వెనుక తిప్పే బరువు ఉన్నది, ముల్లు మార్చుకోదగినది చూసుకో. సాధారణంగా ముల్లు మోపే బరువు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల మధ్య ఉంటుంది, కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) తయారుచేసినవాళ్ళు చెప్పినంతే పెట్టు. రికార్డు మీద దయతో ఇంకా తగ్గించేవాళ్ళున్నారు. అప్పుడు ముల్లు గాడిలో నిలవక ఎగిరి గోడలను గీరుతుంది, నష్టం ఇంకా ఎక్కువ. రికార్డు కోసేటప్పుడు మంద్ర నాదాలను తగ్గించి, తార నాదాలను పెంచి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగవేయడానికి ఫోనో ప్రీఆంప్ అనే పరికరం కావాలి, లేకపోతే పాట పీలగా వినిపిస్తుంది. పాత ఆంప్లిఫయర్లలో చాలావాటికి ఫోనో అనే సాకెట్ ఉంటుంది, అలాంటిది దొరికితే వదలకు. వైర్లకూ చిల్లర సామానుకూ కోఠి గుజరాతీ గల్లీ చాలు.

రికార్డులకు ఎర్రగడ్డ ఆదివారం సంతకో, చార్మినార్ వైపు చోర్ బజారుకో వెళ్ళు. ఎండ ఎక్కకముందే వెళ్ళు. కవరు అందం చూసి బేరం మొదలుపెట్టవద్దు. ముందు లోపల ఉన్నది ఆ కవరుదేనా చూడు. వెలుతురులో వాలుగా పట్టుకుని చూడు. గాడులు నల్లగా మెరవకుండా బూడిదరంగుకు తిరిగితే బరువైన ముల్లు దాన్ని తినేసిందని అర్థం, ఎంత కడిగినా లాభం లేదు. గోటికి తగిలే గీత ఉంటే వదిలెయ్యి. నడిమి రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నని గీతలు గజిబిజిగా ఉంటే ఆ రికార్డు చాలా తిరిగిందన్నమాట. దుమ్ము ఉంటే భయపడకు, దుమ్ము పోతుంది.

కడగడానికి బోరు నీళ్ళు వాడకు. మన ఊరి నీళ్ళలోని సున్నం గాడుల్లో చేరి గట్టిపడుతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తని గుడ్డ, గాడి వెంట తుడవడం, అంతే. కొందరు అందులో కాస్త ఆల్కహాల్ కలుపుతారు. ఎల్‌పీకి ఫరవాలేదు కానీ 78 రికార్డుకు ఒక్క చుక్క కూడా తగలనివ్వకు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. వాటికి ముల్లు కూడా వేరు, గాడి చాలా వెడల్పు. 78ల జోలికి ఇప్పుడే వెళ్ళకు.

రికార్డులను నిలువుగా పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. మే నెలలో ఆగి ఉన్న కారులో వదిలావా, సాయంత్రానికి వంకరపోతాయి. వానాకాలంలో కవర్లకు బూజు పడుతుంది, నెలకోసారి తీసి నీడలో ఆరనివ్వు.

అమెరికా నుంచి మీ అన్నయ్య తెస్తానంటున్న పాత ప్లేయరు గురించి జాగ్రత్త. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినంతమాత్రాన సరిపోదు. నేరుగా కరెంటు మీద తిరిగే ఏసీ మోటారు అయితే వేగం కరెంటు ఆవర్తనాలను బట్టి ఉంటుంది. అక్కడ సెకనుకు 60, ఇక్కడ 50. దాంతో 33 తిరగవలసింది 28 దగ్గర తిరిగి, శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. అడాప్టరుతో నడిచే డీసీ మోటారుకు ఈ చిక్కు లేదు. ఏది కొన్నా వేగం నువ్వే చూసుకో. 180 గీతలు సమాన దూరంలో ఉన్న చక్రాన్ని కాగితం మీద అచ్చు తీసి ప్లేయరు మీద పెట్టి, 33 వేగంలో తిప్పి, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద చూడు. గీతలు నిలబడినట్లు కనిపిస్తే వేగం సరిగా ఉంది, జారుతుంటే లేదు. అన్నయ్యను ఆ ప్లేయరు వెనుక అంటించిన చీటీ ఫోటో తీసి పంపమను. చూసి చెబుతాను, అప్పటిదాకా దాన్ని పెట్టెలో సర్దవద్దను.

ఇట్లు,
నీ మామయ్య