అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు

చిరంజీవి సాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మైత్రీవనం దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో యాప్ డెవలప్‌మెంట్ కోర్సుకి 30 వేలు అడిగారని, కట్టమంటావా అని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఇప్పుడే కట్టకు. అమీర్‌పేటలో బాగా చెప్పేవాళ్లు లేరని కాదు, అక్కడ నేర్చుకుని కుదురుకున్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. కానీ సొంతంగా ఒక్క యాప్ కూడా చేయకుండా వెళ్తే అక్కడ ఏం అడగాలో నీకే తెలియదు. మొదట్లో కావలసినదంతా గూగుల్ వాళ్ల ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ కోర్సులో ఉచితంగా ఉంది. ముందు అది పట్టు.

మీ నాన్న కొట్లో ఖాతా పుస్తకాన్ని యాప్ చేస్తానన్నావు కదా, అదే చెయ్యి. లెక్క తప్పితే అక్కడికక్కడే చీవాట్లు పెట్టే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, అంతకంటే మంచి టెస్టర్ ఎక్కడ దొరుకుతాడు?

నీ లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉందన్నావు. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో నడుస్తుంది గానీ, దాని మీద ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే ఫోన్‌ని అనుకరించే ప్రోగ్రామ్) కూడా తెరిస్తే ఫ్యాన్ మోతకి హాస్టల్ రూమ్మేట్ లేస్తాడు. రెండూ కలిపి వాడాలంటే 16 జీబీ కావాలని గూగుల్ వాళ్లే రాశారు. కొత్త లాప్‌టాప్ వద్దు. ర్యామ్ పెంచే వీలుంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రెండు మూడు షాపుల్లో రేటు కనుక్కుని వేయించుకో. వీల్లేకపోతే ఎమ్యులేటర్ సంగతే మర్చిపోయి అసలు ఫోన్ మీద నడుపు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో లాప్‌టాప్ నుంచి ఫోన్‌లో యాప్ నడపనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యి. లాప్‌టాప్‌కి ఫోన్ కనపడట్లేదని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది దగ్గర ఉన్నది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్. డేటా వెళ్లే కేబుల్ తెచ్చుకో. మీ నాన్న వాడే పాత ఫోన్ లాంటిదే సెకండ్ హ్యాండ్‌లో ఒకటి సంపాదించు. నీ కొత్త ఫోన్‌లో జారిపోయే స్క్రీన్ అందులో ముక్కుతూ మూలుగుతూ కదులుతుంది. ఆ ముక్కుడు నువ్వు కళ్లారా చూడాలి.

యాప్ రాయడానికి కోట్లిన్ భాషా, లేక ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసే ఫ్లట్టరా అన్నావు. రెండూ మంచివే. కోట్లిన్‌కి గూగుల్ 2017లో మద్దతిచ్చింది, 2019 నుంచి దానికే మొదటి పీట వేసింది. నీది ఆండ్రాయిడ్ ఒక్కటే కాబట్టి కోట్లిన్, దానితో స్క్రీన్లు తయారుచేసే జెట్‌ప్యాక్ కంపోజ్ పట్టుకో. ఐఫోన్ ఊసు ఇప్పుడొద్దు. దానికి ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, ఎక్స్‌కోడ్‌కి మ్యాక్ కావాలి, పైగా స్టోర్‌లో పెట్టడానికి ఏటా 99 డాలర్లు.

యాప్ క్రాష్ అయితే వెంటనే ఏఐని అడగకు. స్టూడియోలో యాప్ సందేశాలన్నీ కనిపించే లాగ్‌క్యాట్ తెరువు. ఎర్ర అక్షరాలు పేజీలకు పేజీలు వస్తాయి, బెదరకు. ‘కాజ్డ్ బై’ (Caused by) అని మొదలయ్యే లైన్లు వెతుకు. వాటిలో అన్నిటికంటే కింద ఉన్నది చదివి, దాని కింద నువ్వు రాసిన ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉన్నాయేమో చూడు. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. అప్పటికీ అంతుపట్టకపోతే స్టూడియోలోనే గూగుల్ వాళ్ల ఏఐ జెమిని ఉంది, అడుగు. అది రాసిచ్చిన కోడ్‌లో నువ్వు వివరించలేని లైన్ మాత్రం ఉంచకు. ఇంటర్వ్యూలో సరిగ్గా దాని మీదే పడతారు.

ఇప్పుడు ఏ కోర్సులోనూ సరిగా చెప్పని సంగతి. నీ యాప్‌లో పేర్లు తెలుగులో ఉంటాయి. కాంటాక్ట్స్‌లో లాగా పేరు పక్కన గుండ్రంలో మొదటి అక్షరం చూపించాలనుకుంటావు. ‘శ్రీనివాస్’ అన్న పేరు నుంచి మొదటి క్యారెక్టర్ తీసుకుంటే గుండ్రంలో ‘శ’ వస్తుంది. మన కంటికి ఒక్క అక్షరమైన ‘శ్రీ’ యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే పద్ధతిలో) నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, ఈత్వం. ‘స్త్రీ’ అయితే ఆరు. అక్షరాలు విడగొట్టే బ్రేక్ ఇటరేటర్ వాడినా పాత ఫోన్లలో ‘శ్’ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే ఒత్తుల్ని కలిపి ఉంచే నియమం యూనికోడ్‌లోకి వచ్చిందే 2023లో, 15.1 వెర్షన్‌తో. కాబట్టి పొల్లు తర్వాత హల్లు ఉంటే దాన్నీ, దాని గుణింతాన్నీ కలుపుకుని ముందుకు పోయే చిన్న ఫంక్షన్ నువ్వే రాసుకో. పేరుకి 10 క్యారెక్టర్లే అని హద్దు పెట్టావంటే ‘లక్ష్మి’ ఒక్కటే 7 తినేస్తుందని కూడా గుర్తుంచుకో.

లైన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి కుదిరినట్టు బిగించేస్తే ‘లక్ష్మి’ కింద ఒత్తులు తెగిపోతాయి. వదులుగా ఉంచు. ఫోన్‌లో ఫాంట్ సైజు బాగా పెద్దది చేసి ప్రతి స్క్రీనూ చూడు, మీ నాన్న పెట్టుకునేది అదే. బటన్ల మీద మాటలు కోడ్‌లో రాసేయకుండా తెలుగు మాటలకుండే వాల్యూస్-టీఈ (values-te) ఫోల్డర్‌లో పెట్టు. ఆ మాటలు కూడా కొట్లో వాడేవే ఉండనీ. ‘జమ’, ‘బాకీ’ అంటే మీ నాన్నకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

డేటా ఫోన్‌లోనే ‘రూమ్’ అనే డేటాబేస్‌లో దాచు, కరెంటు పోయినా నెట్ పోయినా లెక్క నడవాలి. ఫోన్ పోతే లెక్కలూ పోతాయి కనుక ఫైల్‌గా బ్యాకప్ తీసే బటన్ ఒకటి మొదట్లోనే పెట్టు. నెట్‌లో డేటా దాచే గూగుల్ వాళ్ల ఫైర్‌స్టోర్ జోలికి తర్వాత వెళ్దువు. రోజుకి 50 వేల రీడ్స్ (ఒక్కో ఖాతా తెచ్చినప్పుడల్లా ఒక రీడ్) ఉచితమంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. 500 ఖాతాలున్న జాబితాని సర్వర్ నుంచి వందసార్లు తెస్తే ఆ 50 వేలూ అయిపోయినట్టే.

కోడ్ రోజూ నెట్‌లో దాచిపెట్టే గిట్‌హబ్‌లోకి తోసెయ్. పాస్‌వర్డులు, యాప్ నీదేనని సంతకం చేసే కీస్టోర్ ఫైల్ మాత్రం అందులో పెట్టకు.

ఇక ప్లే స్టోర్. అందులో డెవలపర్ ఖాతాకి 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. ఆ 30 వేలతో పోలిస్తే ఎంత చెప్పు! అయితే కొత్తగా సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్లు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (నువ్వు చేర్చుకున్నవాళ్లే వాడి చూసే పరీక్ష) నడిపితే గానీ యాప్ అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోనివ్వరు. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు ఉంటారు కాబట్టి 15 మందినైనా చేర్చుకో. హాస్టల్లో నీ బ్యాచ్‌తో సగం నిండుతుంది. మీ నాన్నకి సరుకు వేసే హోల్‌సేల్ వాళ్లని కూడా అడుగు, లెక్కలు రాసేవాళ్లు వాళ్లే కదా. జాబితాలో నా ఈమెయిల్ ముందే రాసేసుకో.

మీ పెద్దమ్మ,
కూకట్‌పల్లి, హైదరాబాద్