పాత కాగితం చింపకు చిట్టీ

చి.ల.సౌ. చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళ సంగతి మాత్రం అడగకు. మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, యూరప్ వాళ్ళ హెరా నౌక డిడిమోస్ అనే గ్రహశకలం, అంటే ఆకాశంలో తిరిగే ఆ పెద్ద రాయి, చేరేదాకా బడి పిల్లలతో కలిసి దాని వెంటే ఉంటావట. వారం వారం గోడ మీద వార్త పెడతావట, చేరే రోజుల్లో రాత్రిపూట డాబా మీద తెర కట్టి చూపిస్తావట. విన్నప్పటినుంచి ఒకటే సంబరం, ఒకటే బెంగ. సంబరం నీకు చెప్పక్కర్లేదు. బెంగ గురించే రాస్తాను, ఓపిగ్గా చదువు.

తేలిక సంగతులు ముందు అయిపోనీ. వాళ్ళు చెప్పే టైములు ఎక్కువగా యూటీసీలో, అంటే అంతర్జాతీయ సమయంలో, ఉంటాయి, అయిదున్నర గంటలు కలుపుకో. బొమ్మలు, ప్రకటనలు యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇచ్చినవే తీసుకో, వాట్సాప్‌లో తిరిగేవి వద్దు. పిల్లల్ని ఒకసారి నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానిటోరియంకి తీసుకెళ్ళు. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళున్నాయో లేదో చూసుకో.

తేదీ వేసి ఫ్లెక్సీ మాత్రం కొట్టించకు. 2026 చివరికి చేరుతుందంటే చివరికి అనే అర్థం, ఫలానా మంగళవారం అని కాదు. రాయి దగ్గరికి వెళ్ళి చూశాక లెక్కలన్నీ మారిపోతాయి. జపాన్ వాళ్ళ హయబుసా 2 నౌక 2018 జూన్ 27న ర్యుగు అనే గ్రహశకలం దగ్గరికి చేరింది. అక్టోబరులో దిగుదామనుకున్నారు. తీరా చూస్తే ఎక్కడా చదునైన చోటు లేదు, అన్నీ బండలే. దిగేసరికి 2019 ఫిబ్రవరి 22 అయింది. బెన్నూ అనే ఇంకో గ్రహశకలం దగ్గర అమెరికా వాళ్ళకీ అదే అనుభవం. సన్నటి ఇసక మేటలుంటాయని వెళ్ళారు, రాళ్ళ గుట్ట ఎదురైంది. వాళ్ళకే ఇలా అయితే, మీ హెడ్మాస్టరు దగ్గర నువ్వు తేదీ ఖాయం చేసి మాటపడటం ఎందుకు?

పిల్లలు సినిమాలో లాగా రాయి దూసుకొచ్చి తెర నిండిపోతుందనుకుంటారు. వారాల తరబడి నక్షత్రాల మధ్య ఒక చుక్క, అంతే. నిన్నటి చుక్కకీ ఇవాళ్టి చుక్కకీ తేడా కూడా తెలియదు. డిడిమోస్ అడ్డంగా 780 మీటర్లు. దాని చుట్టూ తిరిగే బుల్లి జాబిలి డిమోర్ఫాస్ 150 మీటర్లు, చార్మినార్లు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెడితే సుమారు అంత. అంత చిన్నవాటికి ఆకర్షణ ఎంతుంటుంది? భూమి చుట్టూ తిరిగినంత హాయిగా వాటి చుట్టూ తిరగడం కుదరదు. అందుకే హెరా విడతలు విడతలుగా వేగం తగ్గించుకుంటూ వెళ్తుంది. వెళ్ళాక కూడా మొదట్లో కొన్ని పదుల కిలోమీటర్ల ఎడంలోనే ఉండి, కొన్నాళ్ళకోసారి ఇంజన్ వెలిగించి దారి మళ్ళుతూ చూస్తుంది.

ఈ చుక్క రోజుల్లోనే పిల్లలు నీ చెయ్యి జారిపోతారు. వాళ్ళకి పని పెట్టు. వచ్చిన ప్రతి బొమ్మనీ ప్రింటు తీయించి, చుక్క పక్క నక్షత్రాలకి ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిపించు. నౌక దారి సరిచూసేవాళ్ళు చేసేదీ ఇదే, కాకపోతే వాళ్ళకి కంప్యూటర్లున్నాయి. మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఒకప్పుడు గాజు పలకల మీద ఆకాశం ఫోటోలు తీసి, నక్షత్రాల స్థానాలు ఒక్కొక్కటీ కళ్ళు కాయలు కాసేలా కొలిచారు. ప్రపంచమంతా కలిసి వేసిన ఆకాశపటంలో ఒక ముక్క హైదరాబాదు వంతు. ఆ మాట పిల్లలకి చెప్పు. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు వాళ్ళ నాన్న అక్కడ పనిచేసినవారే. బప్పు పేరుతో ఇప్పుడు ఒక గ్రహశకలం ఉంది, నంబరు 2596. స్కేలు పట్టుకోవడానికి బద్ధకించే వెధవలకి ఈ మాట పనికొస్తుంది.

ఇక అసలు విషయం. అప్పటికి నువ్వింకా పలక పట్టుకుని తిరుగుతున్నావు, నీకు గుర్తుండదు.

2005లో జపాన్ వాళ్ళ మొదటి హయబుసా ఇటోకవా దగ్గర ఉంది. అరకిలోమీటరు పొడుగు రాయి అది. నౌకని ఒక వైపు తిన్నగా నిలిపి ఉంచే చక్రాలు మూడింటిలో రెండు అప్పటికే పాడైపోయాయి. మీ పెదనాన్న బ్యాంకు నుంచి వస్తూ తార్నాకలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, వార్త కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి, మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకి గుచ్చేవారు. మెయింటెనెన్స్ కట్టనివాళ్ళ జాబితా, నీళ్ళ ట్యాంకర్ టైము, వాటి పక్కన హయబుసా. మొదట్లో అందరూ ఆగి చదివేవారు.

నవంబరు 12న మినర్వా అనే అరకిలో రోబోని రాయి మీదికి వదలాలి. వదలమని భూమి నుంచి ఆజ్ఞ పంపారు. అది అక్కడికి చేరడానికి పావుగంట పైనే పడుతుంది. ఈలోగా నౌక తనంతట తాను పైకి లేవడం మొదలుపెట్టింది. అలా లేస్తూ వదిలిన రోబో రాయి మీద పడకుండా అటు శూన్యంలోకి పోయింది. పెదనాన్న 'రోబో దిగుతోంది' అన్న కాగితం పీకేసి, 'రోబో పోయింది' అని పెట్టారు.

20వ తేదీ ఆదివారం నౌకే దిగబోయింది. దిగలేదని జపాన్ వాళ్ళే అన్నారు. బోర్డు మీద 'దిగలేదు'. మూడు రోజులకి, నౌక పంపిన వివరాలు విప్పి చూస్తే, అది దిగడమే కాదు, అరగంట సేపు ఆ రాయి మీదే కూర్చుందని తేలింది. ఇక్కడ ఎవరికీ తెలియనే లేదు! పాత కాగితం చింపి 'దిగింది'. 26న మళ్ళీ దిగింది, రాయిని కొట్టి పొడి రేపే గుండు కూడా పేలిందన్నారు. ఎర్ర స్కెచ్‌తో 'సాధించారు'. డిసెంబరు వచ్చేసరికి ఆ గుండు పేలి ఉండకపోవచ్చన్నారు. అదీ చింపారు. ఆ వెంటనే నౌకతో మాటే తెగిపోయింది.

మా అసోసియేషన్ సెక్రటరీ లిఫ్టు దగ్గర కనపడ్డప్పుడల్లా "సార్, ఇంతకీ ఇవాళ దిగినట్టా, దిగనట్టా?" అనేవాడు. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవారు. ఇంట్లోకి వచ్చాక అన్నం దగ్గర మాట్లాడేవారు కాదు. జనవరిలో నౌక మళ్ళీ పలికింది, ఆ వార్త బోర్డెక్కలేదు. 2010 జూన్ 13న, అన్ని దెబ్బలు తిన్న ఆ నౌక తిరిగొచ్చి, భూమిని ఆఖరి ఫోటో తీసి, ఆస్ట్రేలియా మీద ఆకాశంలో కాలిపోయింది. రాయి పొడి కోసం పెట్టిన డబ్బా మాత్రం నేలకి చేరింది. అందులో దొరికిన పదిహేను వందల దాకా నలుసులు ఇటోకవావేనని ఆ ఏడు నవంబరులో తేల్చారు. ఆ రోజు కిందికి వెళ్ళి కాగితం గుచ్చాల్సిన మనిషి టీవీలో క్రికెట్ పెట్టుకుని కూర్చున్నారు. వెళ్ళి రాయండి అంటే, "ఎవరు నమ్ముతారే" అన్నారు. నాకు ఆ సెక్రటరీ మీద ఇప్పటికీ కోపమే.

కానీ తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు, ఆయనకీ చెప్పాను. వార్త తప్పవడం ఆయన తప్పు కాదు, నౌకని నడిపినవాళ్ళే రెండుసార్లు మాట మార్చుకోవాల్సి వచ్చింది. ఈయన కాగితాలు చింపారు, అదే చెడగొట్టింది. అయిదు కాగితాలూ పక్కపక్కనే ఉండుంటే, వార్త ఎలా మారుతూ వచ్చిందో చదివినవాడికి తెలిసేది. ఒక్కటే ఉండేసరికి, ఈయన పూటకో మాట చెబుతున్నట్టు కనిపించింది.

అందుకని చిట్టీ, నీ గోడ మీద ఏదీ చింపకు. కొత్తది పాతదాని పక్కనే పెట్టు, చోటు చాలకపోతే వరండాలోకి పోనీ. ప్రతి కాగితం మీదా ఎవరు చెప్పారో రాయి, మూల మీద పెన్సిల్‌తో 'ఖాయం' అనో 'ఇంకా తేలాలి' అనో రాయి. టైములు రెండు వెయ్యి: అక్కడ జరిగింది ఎప్పుడు, ఇక్కడ తెలిసింది ఎప్పుడు. బెన్నూని నౌక తాకిన రోజు, మనకి 2020 అక్టోబరు 21 తెల్లవారుజామున, అది 33 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది. కబురు రావడానికి పద్దెనిమిదిన్నర నిమిషాలు పట్టింది. మనం ఇక్కడ గోళ్ళు కొరుక్కుంటున్న వేళకి అక్కడ పని అయిపోయింది. ఈ రెండు టైముల లెక్క పిల్లలకి ఒక్కసారి ఎక్కితే చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు.

ఇంకో భయం. మొదటి రోజే పిల్లలకి చెప్పు, ఈ రాయి మన మీదికి రావట్లేదని. ప్రమాదం లేదు కాబట్టే, గుద్ది దారి మళ్ళించే పరీక్షకి దాన్ని ఎంచుకున్నారు. 2022 సెప్టెంబరు 27 తెల్లవారుజామున 4:44కి అమెరికా వాళ్ళ డార్ట్ నౌక కావాలనే డిమోర్ఫాస్‌ని గుద్దినప్పుడు నన్ను నిద్ర లేపింది నువ్వేగా. ఆఖరి బొమ్మ సగం కూడా రాలేదు, పైన కాస్త రాళ్ళు, మిగతాదంతా ఖాళీ. ఆ దెబ్బకి డిమోర్ఫాస్ ఒక చుట్టు తిరిగే కాలం సుమారు 33 నిమిషాలు తగ్గింది. అక్కడ ఏం మిగిలిందో దగ్గర్నుంచి చూడ్డానికే హెరా వెళ్తోంది. ఇది వివరంగా చెప్పకపోతే, పిల్లలు ఇంటికెళ్ళి "రాయి గుద్దుతుందట" అంటారు, తెల్లారేసరికి కాలనీ అంతా పాకుతుంది. 1979లో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందంటే మన ఊళ్ళో ఏమైందో మీ అమ్మనడుగు. ఎలాగూ పోతాం కదా అని మీ అమ్మమ్మ పెంచుకున్న కోళ్ళన్నీ ఆ వారంలో కూరైపోయాయి. అదేమో వెళ్ళి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. కోళ్ళు మళ్ళీ వస్తాయా?

డాబా సంగతి. మీ బడి పిట్టగోడ నా మోకాలి ఎత్తు కూడా లేదని మీ అమ్మ అంది. చీకట్లో ముప్పై మంది పిల్లలు, అందులో ఇద్దరు తోసుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వద్దు. కింద ఆటస్థలంలో తెర కట్టు. చుక్క డాబా మీదైనా తెర మీదే కదా కనపడేది!

నువ్వు అర్ధరాత్రి ఉప్పల్ నుంచి స్కూటీ మీద వస్తానంటే మాత్రం ఒప్పుకోను. రోడ్డు తవ్వకాలు ఒకటి, కుక్కలు ఒకటి. మా సందు మొదట్లో చికెన్ కొట్టు ముందు గుంపు ఉంటుంది, బండి శబ్దం వింటే చాలు, చున్నీ పట్టుకు లాగుతాయి. వేగం పెంచితే ఇంకా వెంటపడతాయి. ఆ రోజుల్లో బడిలోనే పడుకో, లేదా తోటి టీచరమ్మ ఇంట్లో ఉండు, లేదా నాకు ఫోన్ చెయ్యి, తెలిసిన ఆటో అతన్ని పంపిస్తాను. ఎంత రాత్రయినా సరే. నేను ఎలాగూ నిద్రపోను.

హెరా తనతో రెండు బుల్లి ఉపగ్రహాలు తీసుకెళ్తోంది, మిలాని, జువెంటాస్. వాటిని వదిలే రోజు నాకు చాలా టెన్షన్‌గా ఉంటుంది, మినర్వా గుర్తొస్తుంది. ఆ పూట క్లాసు ఉన్నా సరే, ఏమైందో ఒక మెసేజ్ పెట్టు. పెద్ద అక్షరాల్లో పెట్టు. లింకు పంపిస్తే అది ఎక్కడ నొక్కాలో కూడా రాయి, పోయినసారి నొక్కితే ఎవరిదో పెళ్ళి వీడియో వచ్చింది.

నీ
పెద్దమ్మ