రెయిన్‌డీర్ జత కుదరడం లేదా? ముందు ఆడామగా చూడండి

జంతువుల్ని పెంచే ఆన్‌లైన్ గేమ్‌లో, క్రిస్మస్ వేడుక సమయంలో రెండు రెయిన్‌డీర్‌లను (చలి ప్రాంతాల జింకలు) జత కడితే కుదరట్లేదని అడిగారు. బహుశా మీరు జత కట్టినవి రెండూ ఆడవే. పెద్ద కొమ్ములది మగ, చిన్న కొమ్ములది ఆడ అనుకున్నానన్నారు కదా, తేడా వచ్చింది అక్కడే.

జింక జాతుల్లో ఆడవాటికీ మామూలుగా కొమ్ములు వచ్చేది రెయిన్‌డీర్‌కే. పెద్ద మగవి జతకాలం అయ్యాక, నవంబర్, డిసెంబర్‌లలో కొమ్ములు రాల్చేస్తాయి. చూలు ఆడవి ఈనేదాకా, అంటే దాదాపు మే వరకూ ఉంచుకుంటాయి. లేత మగవాటికీ చలికాలంలో ఇంకా ఉంటాయి. కాబట్టి గేమ్‌లోని క్రిస్మస్ బొమ్మలో కొమ్ముల్ని చూసి ఏదీ తేల్చలేం.

1. జంతువు పేజీ తెరిచి ♂ / ♀ గుర్తు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. బొమ్మ చూసి జత కట్టేస్తారు.
2. గుర్తు లేకపోతే అది ఇంకా పిల్లే. పెరిగేదాకా ఆగండి.
3. రెండూ ఆడవైతే మార్పిడి విభాగంలో ఒకదాన్నిచ్చి మగదాన్ని తీసుకోండి. వేడుక ముగిశాక దొరకడం కష్టం, ఇప్పుడే చేయండి.
4. వేడుక గడువు గేమ్ సర్వర్ గడియారం ప్రకారం లెక్కించండి. అది న్యూయార్క్ సమయమైతే, డిసెంబర్ 31 అర్ధరాత్రి అంటే మనకు జనవరి 1 ఉదయం 10:30.