కారువాళ్లు తెచ్చిన రాజీ కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఆయన టైల్స్ మేస్త్రీ, వయసు 38. నాలుగు నెలల కిందట కోదాడలో పని చూసుకుని బైక్ మీద తిరిగి వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కుడి మోకాలి దగ్గర ఎముకలు విరిగితే ప్లేటు వేశారు. కోదాడలో ఎఫ్ఐఆర్ అయింది. కారువాళ్లు ఆసుపత్రికి వచ్చి 30 వేలు ఇచ్చారు. ఇంకో 50 వేలు ఇస్తాం, రాజీ కాగితం మీద సంతకం పెట్టమని ఇప్పుడు అడుగుతున్నారు. మా ఆయనకు లైసెన్స్ లేదు, ఆ రోజు హెల్మెట్ కూడా లేదు. కేసు వేసినా నిలబడదు, వచ్చింది తీసుకోమని మా బావగారు అంటున్నారు. సంపాదనకు కాగితాలేవీ లేవు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం పక్కన పెట్టండి. మీరు గానీ మీ ఆయన గానీ దాని మీద సంతకం చేయొద్దు.

కారువాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. ఆసుపత్రికి వచ్చి డబ్బు ఇచ్చారంటే మంచివాళ్లే అయి ఉంటారు. కానీ వాళ్ల టెన్షన్ కోదాడ పోలీసు కేసు గురించి. మీకు రావాల్సిన నష్టపరిహారం సంగతి వేరు. అది వాళ్ల జేబులోంచి రాదు, కారుకు ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కట్టాలి. రోడ్డు మీద ఎవరికి దెబ్బ తగిలినా పరిహారం దక్కాలనే మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. వాళ్లను ఇబ్బంది పెడుతున్నామన్న మొహమాటం మీకు అక్కర్లేదు.

ఇలాంటి రాజీ కాగితాలు చాలా చూశాను. ఐదారు వాక్యాల నడుమ ఒక వాక్యం ఉంటుంది: 'బండి అదుపు తప్పి నేనే పడ్డాను, కారు డ్రైవర్ తప్పు ఏమీ లేదు.' రేపు ఇన్సూరెన్స్ లాయరు కోర్టులో చదివి వినిపించేది ఆ వాక్యాన్నే. 50 వేల కోసం కేసు మొత్తం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇప్పటికే తీసుకున్న 30 వేల గురించి భయపడకండి, దాన్ని దాచకండి కూడా. వైద్యానికి సాయంగా ఇచ్చారని పిటిషన్‌లో ఉన్నది ఉన్నట్టు రాయిద్దాం.

పోలీసు కేసు డ్రైవర్‌కు శిక్ష పడాలా వద్దా అన్నది తేల్చడానికి. పరిహారం ఇచ్చేది మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్. జిల్లా కోర్టుల్లోనే ఉంటుంది, కేసుకు ఎం.వి.ఓ.పి. అని నంబరు పడుతుంది. అక్కడ క్రిమినల్ కేసులోలా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. కోదాడలో డ్రైవర్ మీద కేసు కొట్టేసినా అంతమాత్రాన మీ పిటిషన్ పోదు. దీనికోసం మీరు కోదాడ చుట్టూ తిరగాల్సిన పనీ లేదు. గాయపడ్డవాళ్లు తాము ఉండే చోటే కేసు వేసుకోవచ్చని చట్టంలోని 166వ సెక్షన్ చెబుతోంది. మీ జిల్లాలోనే వేయండి.

గడువు మాత్రం చూసుకోవాలి. 2019లో చట్టాన్ని సవరించి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు పిటిషన్ వేయాలన్నారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. దాని మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో ఆ కోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. కానీ మీకింకా రెండు నెలల టైం ఉంది, ఆ వివాదంలోకి మీరెందుకు వెళ్లాలి? ఈ నెలలోనే వేసేయండి.

ఇక మీ బావగారి మాట. లైసెన్స్ లేకుండా బండి నడపడం తప్పే, దానికి జరిమానా ఉంది. కానీ వెనక నుంచి వచ్చి గుద్దినవాడి తప్పు దానివల్ల మాఫీ కాదు. గాయపడ్డ మనిషికి లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో అతని తప్పూ ఉందని అనలేమని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. హెల్మెట్ సంగతీ అంతే. తలకు దెబ్బ తగిలి ఉంటే అవతలి లాయరు కాస్త వాదించేవాడు. విరిగింది మోకాలు, హెల్మెట్ ఉన్నా అది విరిగేదే.

ఎంత వస్తుందన్నది అసలు విషయం. ఇక్కడే జనం ఎక్కువగా నష్టపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డాక్టరు సర్టిఫికెట్‌లో కాలికి 20 శాతం వైకల్యం అని రాశారనుకుందాం. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ 20 దగ్గరే లెక్క ఆపేయాలని చూస్తుంది. కానీ సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది: చూడాల్సింది ఒంటికి ఎంత శాతం నష్టమన్నది కాదు, ఆ మనిషి సంపాదించే శక్తికి ఎంత నష్టమన్నది. ఎడమ చెయ్యి పోతే ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం పోకపోవచ్చు, డ్రైవర్‌కో వడ్రంగికో మాత్రం బతుకుతెరువే పోతుందని అందులో ఉదాహరణ కూడా ఇచ్చారు. 2014లో కర్ణాటకకు చెందిన ఒక కూరగాయల వ్యాపారి కేసులో కుడి కాలు తీసేయాల్సి వస్తే, సంపాదన శక్తి 85 శాతం పోయినట్టు లెక్కగట్టారు. ఆదాయానికి రుజువులు లేకపోయినా నెలకు 6,500 ఒప్పుకున్నారు. ఆ ప్రమాదం జరిగింది 2008లో.

టైల్స్ పని ఎలా చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతుక్కూర్చునో మోకాళ్ల మీద ఆనుకునో చేసే పని. ప్లేటు వేసిన మోకాలు పూర్తిగా మడత పడకపోతే కర్ర లేకుండా నడవగలిగినా ఆ పని చేయలేరు. నా కేసు ఒకదానిలో ఎముకల డాక్టరు సాక్ష్యానికి వచ్చారు. 'ఆయన మామూలుగా నడుస్తున్నారు కదా?' అని కంపెనీ లాయరు అడిగితే 'అవును' అన్నారు. నేను లేచి 'నేల మీద గొంతుక్కూర్చుని గంటసేపు పనిచేయగలరా?' అని అడిగాను. ఫైలు తిరగేసి, మోకాలు ఎంత వరకు వంగుతుందో చూసి 'లేదు, కష్టం' అన్నారు. ఆ జవాబే తీర్పులోకి ఎక్కింది. అందుకే వైద్యం చేసిన డాక్టరే వచ్చి సాక్ష్యం చెప్పేలా చూడాలి. పింఛను కోసం తీసుకునే సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు.

అంకెల్లో చూపిస్తాను. మీ ఆయన ఆదాయం నెలకు 15,000 అని ట్రిబ్యునల్ ఒప్పుకుందనుకోండి. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధి వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. 21,000 అవుతుంది, ఏడాదికి 2,52,000. దీన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు, దాన్ని గుణకం అంటారు. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు గుణకం 15, ఇది 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టిక. హెచ్చిస్తే 37,80,000. డాక్టరు రాసిన 20 శాతం దగ్గరే ఆపేస్తే ఇందులో 7,56,000, అదే సంపాదన శక్తి 50 శాతం పోయిందని తేలితే 18,90,000. మోకాలు అదే, ప్రమాదం అదే, తేడా 11 లక్షల పైన. మీ కేసులో ఇంతే వస్తుందని మాటివ్వలేను, అది సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది. దీనిపైన మందుల ఖర్చు, మంచాన పడ్డ నెలల కూలి, పడ్డ బాధ, రేపు ప్లేటు తీసే ఆపరేషన్ ఖర్చు, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కలుస్తాయి. ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరిగిన వైద్యానికి బిల్లులు పెట్టకండి, మీ చేతి డబ్బు పెట్టిందే అడగండి. ఒక్క దొంగ బిల్లు దొరికితే నిజమైన బిల్లుల మీద కూడా నమ్మకం పోతుంది.

సంపాదనకు కాగితాలు లేవన్నారు. నిజంగా లేవా? మేస్త్రీల దగ్గర అడుగుల లెక్క రాసుకునే చిన్న పుస్తకం ఉంటుంది కదా, అది వెతకండి. ఇంటివాళ్లు ఫోన్‌పేలో పంపిన డబ్బులకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే మరీ మంచిది. ఆయన చేత టైల్స్ వేయించుకున్న ఇంటి యజమాని ఒకరు వచ్చి ఎంత ఇచ్చారో చెబితే దానికి చాలా విలువ ఉంటుంది.

కారు నంబరు ఎం పరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ కంపెనీ, పాలసీ గడువు కనిపిస్తాయి. పాలసీ లేకపోతే కారు ఓనరే కట్టాలి, అప్పుడు వసూలు కష్టమే. డ్రైవర్‌కు లైసెన్స్ లేదని కంపెనీ వాదించినా, ముందు మీకు చెల్లించి తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమని కోర్టులు తరచుగా ఆదేశిస్తున్నాయి.

నడుమ కంపెనీ లోక్ అదాలత్‌కు రమ్మనొచ్చు. వెళ్లండి, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. డాక్టరు సాక్ష్యం అయ్యాక కూర్చుంటే మీ మాటకు బలం ఉంటుంది.

లాయరు ఫీజు గురించి కూడా చెప్పాలి, నాకిది బాధ కలిగించే విషయం. వచ్చిన దాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఎవరైనా అలా అడిగినా, ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు కావాలన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి. అర్హత ఉన్నవారికి లాయర్‌ను ఉచితంగా ఇస్తారు.

పిటిషన్ మీద సంతకం మీ ఆయనే పెట్టాలి. వయసు రుజువుకు ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, స్కూలు సర్టిఫికెట్ ఉంటే అది మంచిది. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లుల ఒరిజినల్స్ తీసుకెళ్లండి. గాయాల సర్టిఫికెట్, చార్జిషీటు, బండ్లను పరీక్షించిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎం.వి.ఐ.) రిపోర్టు కోదాడ నుంచి మీ లాయరు తెప్పిస్తారు. కారువాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, కేసు వేస్తున్నామని, పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరే అడుగుతామని మర్యాదగా చెప్పండి. రాజీ కాగితం ఇంటికి పంపితే చింపేయకండి, అదీ లాయరుకు చూపించండి.